మీ ప్రశ్నలు – మా జవాబులు: బైబిలు, బయాలజీ పుస్తకం ఒకే బల్ల మీద

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి, సైన్స్ చెప్పేది నమ్మాలా వాక్యం చెప్పేది నమ్మాలా అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి ఈ పేజీలు మొత్తం వీటికే ఇచ్చేశాం. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఏరియా మాత్రమే ఇస్తున్నాం.

వందనాలు మేడమ్. మా బాబు ఇంటర్ సెకండ్ ఇయర్ బైపీసీ. జువాలజీలో జీవపరిణామం పాఠం అయ్యింది. అదే వారం సండే స్కూల్లో టీచర్ గారు డార్విన్ చెప్పింది సాతాను అబద్ధం అన్నారంట. వీడు లేచి ఏదో అడిగితే అందరూ నవ్వారంట. అప్పట్నుంచి చర్చికి రావట్లేదు. "రెండిట్లో ఏది అబద్ధమో చెప్పు మమ్మీ, అది వదిలేస్తా" అంటున్నాడు. నేను టెన్త్ వరకే చదివాను, ఏం చెప్పాలి? – ఒక తల్లి, అల్వాల్

అమ్మా, ముందు మీరు కంగారు పడకండి, మీ బాబు దారి తప్పలేదు, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు, నవ్విన వాళ్లదే తప్పు. రెండిట్లో ఏది అబద్ధం అంటున్నాడంటే రెండూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్తున్నాయని వాడికి ఎవరో నేర్పించారన్నమాట, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

వాడితో కూర్చుని ఆదికాండము మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. వెలుగేమో మొదటి రోజున వచ్చింది, సూర్యుడేమో నాలుగో రోజున. మరి సూర్యుడు లేకుండా ఆ మొదటి మూడు రోజులు ఉదయం, అస్తమయం ఎలా అయ్యాయి? ఇది ఏ నాస్తికుడో మొన్న వేసిన ప్రశ్న కాదు, మూడో శతాబ్దంలో ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడే అడిగాడు, ఇవి మామూలు రోజులు కావు, లోతైన సంగతి చెప్పడానికి అలా రాశారు అన్నాడు. ఆయన తర్వాత అగస్టీన్ అనే బిషప్, ఈయన 354లో పుట్టి 430లో చనిపోయాడు, ఆదికాండము మీద ఏళ్ల తరబడి రాసిన మనిషి, దేవుడు అంతా ఒక్కసారే సృష్టించి ఉంటాడు, ఆరు రోజులనేది మనకి అర్థమవడానికి పెట్టిన వరస అనే అభిప్రాయానికి వచ్చాడు. అప్పటికి డార్విన్ లేడు, టెలిస్కోప్ లేదు, సైన్స్ కి భయపడి వాక్యాన్ని సర్దుబాటు చేశారు అనడానికి వీల్లేదు. అదే అగస్టీన్ ఇంకో హెచ్చరిక కూడా చేశాడు, నాకు చాలా ఇష్టమైనది. భూమి గురించి, నక్షత్రాల గురించి విశ్వాసం లేనివాళ్లకి కూడా బాగా తెలిసిన సంగతులుంటాయి, వాటి మీద ఒక క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పులు మాట్లాడితే, ఇంక పునరుత్థానం గురించి అదే లేఖనం చెప్పేది వాళ్లెలా నమ్ముతారు అని అడిగాడు. మన సండే స్కూల్ టీచర్లందరూ ఇది ఒక్కసారి చదవాలని నా కోరిక.

డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. అమెరికాలో దాన్ని ముందుండి సమర్థించిన వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే, హార్వర్డ్ ప్రొఫెసర్, చర్చికెళ్లే ప్రెస్బిటేరియన్ విశ్వాసి. ఇరవయ్యో శతాబ్దంలో పరిణామాన్నీ జన్యుశాస్త్రాన్నీ కలిపిన వాళ్లలో పెద్ద పేరు డోబ్జాన్‌స్కీ, ఆయన ఆర్థడాక్స్ క్రైస్తవుడు. 1996లో పోప్ రెండో జాన్ పాల్ కూడా పరిణామాన్ని ఇంక ఉత్త ఊహ అనలేం అని ఒప్పుకున్నాడు. మనిషి ఇప్పుడున్న కోతుల నుంచి పుట్టాడని పాఠంలో లేదు, ఇద్దరికీ చాలా వెనక ఒకే పూర్వీకులున్నారని ఉంది. దానికి ఆధారం మనలోపలే ఉంది: చింపాంజీలకి 24 జతల క్రోమోజోములు, మనకి 23. మిగిలిన జత ఏమైంది అని చూస్తే మన రెండో నంబరు క్రోమోజోము రెండు పాత క్రోమోజోములు కొసా కొసా అతుక్కుని తయారైంది, మామూలుగా చివర్లలో ఉండాల్సిన డీఎన్ఏ వరస దాని మధ్యలో కనిపిస్తుంది, అతుకు వేసిన చోటు ఇంకా తెలుస్తూనే ఉంది. దీన్ని సాతాను వచ్చి రాసిపెట్టాడు అంటే, మన ఒంటి ప్రతి కణంలోనూ సాతాను చేతిరాత ఉందని ఒప్పుకోవాల్సొస్తుంది, అది ఏ క్రైస్తవ బోధా కాదు.

మరి ఆదికాండము ఏం చెప్తోంది? చుట్టుపక్కల రాజ్యాలన్నీ సూర్యుణ్ణి, చంద్రుణ్ణి దేవుళ్లని మొక్కుతున్న కాలంలో అవి దేవుళ్లు కావు, దేవుడు పెట్టిన దీపాలు అని చెప్పింది. రాజు ఒక్కడే దేవుడి ప్రతిరూపం అని మిగతావాళ్లు అంటుంటే ప్రతి మనిషీ, ఆడా మగా అందరూ దేవుని స్వరూపమే అని చెప్పింది. తాళిలో బంగారం ఎన్ని గ్రాములో కంసాలి తూచి చెప్తాడు, ఆయన లెక్క నూటికి నూరుపాళ్లు నిజమే, కానీ అది ఎవరు ఎవరికి ఎందుకు కట్టారో ఆయన త్రాసులో తేలదు, అలాగని ఆ త్రాసు తప్పనీ కాదు. మీ బాబుకి ఇంతే చెప్పండి.

ఒకటి దాచకూడదు. ఆదాము ఒక్క మనిషా, పాపం రాకముందే జంతువులు చనిపోయాయా, ఆదాము ద్వారా పాపం, మరణం వచ్చాయనే రోమా పత్రిక అయిదో అధ్యాయాన్ని ఇప్పుడెలా చదవాలి, ఇవి నిజంగా కష్టమైన ప్రశ్నలు, నిష్ఠగల వేదాంతులే ఇప్పటికీ తలో మాట అంటున్నారు. వాటిని వాడు పెద్దయ్యే కొద్దీ చదువుకుంటాడు. ఈలోపు మీరే ఆ టీచర్ గారి దగ్గరికి వెళ్లి మాట్లాడండి, పిల్లాడు అడిగితే నవ్వొద్దని మర్యాదగానే, గట్టిగానే చెప్పండి.

అక్కా, మా పాస్టర్ అన్న భూమికి ఆరువేల ఏండ్లే అంటడు. నేను డిగ్రీ జియాలజీ చదువుతున్న, మా ఇంటెనకనే గుట్ట ఉంది. రాళ్ల వయసు కోట్ల ఏండ్లని ఎట్ల చెప్తరు? దేవుడే ముసలి రాయిని చేసి పెట్టిండేమో అని అన్న అంటుండు. – మౌలాలి

తమ్ముడూ, నీ ఇంటెనక ఉన్న ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. గోల్కొండ కింద ఉన్నదీ, బంజారాహిల్స్ లో బ్లాస్టింగ్ చేసి పడేస్తున్నదీ అదే కాలపు రాయి.

ఎలా తెలుసంటే, ఆ రాయిలో జిర్కాన్ అనే చిన్న చిన్న స్ఫటికాలుంటాయి, ఇసుక రేణువంతే ఉంటాయి. కరిగిన రాయి చల్లబడేటప్పుడు జిర్కాన్ తయారవుతుంది, అప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. యురేనియం మెల్లగా సీసంగా మారుతూ ఉంటుంది. కాబట్టి ఇవాళ ఆ స్ఫటికంలో దొరికే సీసం దాదాపు అంతా లోపల యురేనియం నుంచి పుట్టిందే. యురేనియం-238 సగం తరగడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది, యురేనియం-235 కి 70 కోట్లే. రెండిటి వేగం వేరు, రెండూ చివరికి సీసంగానే మారినా ఆ సీసాలు కూడా వేర్వేరు రకాలు, విడిగా కొలవచ్చు, రెండు లెక్కలూ విడివిడిగా చేస్తే ఒకే వయసు వస్తుంది. ఈ పద్ధతి మీదే 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త, భూమితో పాటే తయారైన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని లెక్క తేల్చాడు, ఇప్పటికీ ఆ అంకె పెద్దగా మారలేదు.

ఆరువేలు అనేది బైబిల్లో ఎక్కడా రాసి లేదు. ఐర్లాండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వంశావళులన్నీ కూడి క్రీస్తుపూర్వం 4004 అక్టోబరులో సృష్టి జరిగిందని లెక్క వేశాడు, ఆయన మంచి పండితుడే, ఆ కాలానికి అది శ్రద్ధగా చేసిన పనే. తర్వాత ఇంగ్లీషు బైబిళ్ల మార్జిన్ లో ఆ తేదీలు అచ్చేశారు, చదివేవాళ్లు మార్జిన్ని కూడా వాక్యం అనుకున్నారు. భూమి చాలా పాతదని మొదట్లో గట్టిగా చెప్పిన జియాలజిస్టుల్లో విలియం బక్లాండ్, ఆడమ్ సెడ్జ్‌విక్ ఇద్దరూ ఆంగ్లికన్ పాదిరులే, అదీ డార్విన్ పుస్తకం రాకముందు. ఇప్పుడు మనం వింటున్న ఆరువేల ఏళ్ల బోధ ఇంత జోరందుకుంది 1961 తర్వాత, అమెరికాలో జలప్రళయం మీద వచ్చిన ఒక పుస్తకం వల్ల.

దేవుడు ముసలి రాయిని చేసి పెట్టాడనే మాట నాకు సైన్స్ వైపు నుంచి కన్నా వేదాంతం వైపు నుంచే ఎక్కువ బాధగా ఉంటుంది. జరగని చరిత్రని జరిగినట్టు రాతిలో రాసి మనల్ని తప్పుదారి పట్టించే దేవుడా మన దేవుడు? తీతు పత్రికలో "అబద్ధమాడనేరని దేవుడు" అని చదువుకుంటున్నాం కదా. మీ పాస్టర్ అన్నని ఒకసారి ఆ గుట్ట మీదికి తీసుకెళ్లి చూపించు. వాదన పెట్టుకోకు, చూపించు చాలు.

బిగ్ బ్యాంగ్ థియరీ ఆదికాండము 1:1 కి సైంటిఫిక్ ప్రూఫ్ అని మా ఆఫీస్ ప్రేయర్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. యోబు 26:7 లో భూమి శూన్యం మీద వేలాడుతోందని మూడు వేల ఏళ్ల కిందే రాశారు కదా. ఇవి చూపించి కొలీగ్స్ కి సువార్త చెప్పొచ్చా? – మాదాపూర్

సువార్త చెప్పండి తమ్ముడూ, కానీ ఇలా వద్దు. ఎందుకు వద్దంటున్నానో బిగ్ బ్యాంగ్ ని మొదట చెప్పిన మనిషి కథలోనే ఉంది.

ఆయన పేరు జార్జ్ లెమైత్ర్, బెల్జియం దేశస్థుడు, కాథలిక్ ఫాదర్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పని చేసి వచ్చి 1923లో అభిషేకం పొందాడు, తర్వాత కేంబ్రిడ్జ్ లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ దగ్గర, అమెరికాలో ఎంఐటీలో చదివాడు. 1927లో ఐన్‌స్టీన్ సమీకరణాలు పట్టుకుని విశ్వం విస్తరిస్తోందని, అందుకే దూరపు గెలాక్సీలు మన నుంచి దూరంగా పోతున్నాయని రాశాడు. అది ఫ్రెంచిలో ఒక బెల్జియం పత్రికలో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఐన్‌స్టీన్ కలిసినప్పుడు మీ లెక్కలు బాగానే ఉన్నాయి గానీ మీ ఫిజిక్స్ ఘోరంగా ఉంది అన్నాడని చెప్తారు. 1929లో గెలాక్సీలు దూరంగా పోతున్నాయని చూపే హబుల్ కొలతలు వచ్చాక అందరూ వెనక్కి తిరిగి చూశారు. 1931లో విశ్వమంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని ఇంకో అడుగు ముందుకేశాడు. బిగ్ బ్యాంగ్ అనే పేరు ఆయన పెట్టింది కాదు, ఆ సిద్ధాంతం నచ్చని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ 1949లో బీబీసీ రేడియోలో అన్నమాట అది. ఒక ఫాదర్ చెప్పిన సిద్ధాంతం కాబట్టి సృష్టి కథని దొడ్డిదారిన తెస్తున్నాడేమో అని కొంతమంది అనుమానపడ్డారు కూడా.

ఇక్కడే అసలు సంగతి. 1951 నవంబరులో పన్నెండో పయస్ పోప్ వాటికన్ సైన్స్ అకాడమీలో మాట్లాడుతూ, సైన్స్ ఇప్పుడు ఆ "వెలుగు కలుగును గాక" అన్న క్షణానికే సాక్ష్యం ఇస్తోంది అన్నట్టు చెప్పాడు. మీ వీడియోలో ఉన్న మాట ఇదే కదా. దానికి లెమైత్ర్ సంతోషపడాలి, కానీ ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం మతానికి అనుకూలమూ కాదు వ్యతిరేకమూ కాదు, నాస్తికుడు కూడా నిశ్చింతగా ఒప్పుకోవచ్చు అనేది ఆయన పట్టుదల. మరుసటి ఏడు రోమ్ లో ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోప్ మళ్లీ మాట్లాడినప్పుడు ఆ మాట ఎత్తలేదు. రోజూ పూజ చేసే మనిషి, పోప్ అన్న మాటైనా సరే సైన్స్ ని మతానికి సాక్షిగా నిలబెట్టొద్దన్నాడంటే ఆయన విశ్వాసం ఎంత నిబ్బరంగా ఉండి ఉంటుందో ఆలోచించండి.

వేదాంతంలో కూడా ఇది పాత సంగతే. పదమూడో శతాబ్దంలో తోమా అక్వినాస్, లోకానికి ఒక ఆరంభం ఉందని మనం లేఖనం వల్ల నమ్ముతున్నాం గానీ తర్కంతో రుజువు చెయ్యలేం అని రాశాడు. సృష్టి అంటే గడియారం మొదలైన క్షణం ఒక్కటే కాదు, ఈ నిమిషంలో కూడా ఉన్నదంతా దేవుని వల్లే నిలబడి ఉందనేది ఆయన బోధ. మీరు 1380 కోట్ల ఏళ్ల కిందటి బిగ్ బ్యాంగ్ మీద ఆదికాండము 1:1 ని నిలబెట్టారనుకోండి, రేపు ఎవరో ఫిజిక్స్ లో దానికి ముందు కూడా ఏదో ఉందని తేల్చారనుకోండి, అప్పుడు మీ కొలీగ్ విశ్వాసం ఏమవుతుంది? జర్మనీలో నాజీల జైల్లో ఉండి బాన్‌హోఫర్ అనే పాస్టర్ 1944లో రాసిన ఉత్తరంలో ఇదే బాధ ఉంది, మనకి తెలియని చోట్లలో దేవుణ్ణి పెట్టుకుంటే తెలివి పెరిగిన కొద్దీ దేవుణ్ణి వెనక్కి నెట్టుకుంటూ పోవాల్సొస్తుంది, తెలిసినదాంట్లోనే ఆయన్ని చూడాలి అని.

యోబు వచనం అద్భుతమైన కవిత్వం. కానీ అదే అధ్యాయంలో ఆకాశానికి విశాల స్తంభాలున్నాయని కూడా ఉంది, దాన్ని మీ వీడియోలో చూపించరు. నచ్చిన వచనాన్ని సైన్స్ అని, మిగతాది కవిత్వం అని ఏరుకోవడం నిజాయితీ కాదు.

వాట్సాప్ లో వచ్చినవి మూడు పంపుతున్నా, నిజమేనా? యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజుని నాసా కంప్యూటర్లు కనిపెట్టాయంట. డార్విన్ చనిపోయే ముందు పశ్చాత్తాపపడి బైబిల్ చదివాడంట. చిన్నప్పుడు ఐన్‌స్టీన్ క్లాసులో నాస్తిక ప్రొఫెసర్ని ఓడించాడంట. – ఎల్బీనగర్

మూడూ నిజం కాదు. నాసా అలాంటిదేం కనిపెట్టలేదు, అలా వెనక్కి లెక్కేసి పోయిన రోజుని పట్టుకోవడం కుదిరే పని కూడా కాదు. డార్విన్ కథని లేడీ హోప్ అనే ఆవిడ చెప్పిందని 1915లో అమెరికాలో అచ్చయింది, చివరి రోజుల్లో తండ్రి పక్కనే ఉన్న ఆయన కూతురు హెన్రియెట్టా అది జరగలేదని 1922లో రాతపూర్వకంగా ఖండించింది. ఐన్‌స్టీన్ యూదు కుటుంబంలో పుట్టాడు, తత్వవేత్త స్పినోజా చెప్పిన దేవుణ్ణి, అంటే ప్రకృతి క్రమంలోనే కనిపించే దేవుణ్ణి నమ్ముతానని, మనుషుల తలరాతలు పట్టించుకునే దేవుణ్ణి కాదని 1929లో స్పష్టంగా చెప్పాడు. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకొద్దని ఉంది, మనకి నచ్చే అబద్ధమైతే పలకొచ్చని లేదు. దయచేసి డిలీట్ చెయ్యండి, పంపినవాళ్లకి కూడా చెప్పండి.

గెలీలియోని చర్చి తగలబెట్టి చంపింది అని మా మనవడు వాదిస్తున్నాడు. నిజమెంత? – రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, లాలాగూడ

తగలబెట్టలేదండీ. 1600లో రోమ్ లో కాల్చి చంపింది జోర్డానో బ్రూనోని, ఆయన మీద మోపినవి ఎక్కువగా త్రిత్వం, క్రీస్తు దైవత్వం లాంటి బోధలకి సంబంధించిన నేరాలు. అదీ ఘోరమే, సందేహం లేదు. గెలీలియో 1642లో తన ఇంట్లోనే చనిపోయాడు, కానీ 1633లో విచారణ పెట్టి, మోకాళ్ల మీద నిలబెట్టి, భూమి తిరుగుతోందనే మాట వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేసి, బతికినంత కాలం గృహనిర్బంధంలో ఉంచారు. కాబట్టి మీ మనవడు వివరంలో తప్పాడు గానీ కోపంలో తప్పలేదు.

మనవడికి తెలియాల్సిన ఇంకో సంగతి, ఇది సైన్స్ ఒకవైపు చర్చి ఒకవైపు నిలబడి చేసిన యుద్ధం కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని 1543లో పుస్తకం వేసిన కోపర్నికస్ కథీడ్రల్ లో పని చేసే చర్చి ఉద్యోగి, ఆ పుస్తకం పోప్ కే అంకితమిచ్చాడు. గెలీలియో కూడా విశ్వాసే. 1615లో డచెస్ క్రిస్టీనాకి రాసిన ఉత్తరంలో, పరలోకానికి ఎలా వెళ్లాలో చెప్పడమే పరిశుద్ధాత్మ ఉద్దేశం గానీ ఆకాశం ఎలా తిరుగుతుందో చెప్పడం కాదు అని ఒక కార్డినల్ అన్నమాటని ఎత్తి రాశాడు. చర్చికి ఆ మాట అప్పుడే అర్థమై ఉంటే ఎంత బాగుండేది. 1992లో గాని పోప్ రెండో జాన్ పాల్ తప్పు జరిగిందని బహిరంగంగా ఒప్పుకోలేదు, మూడు వందల యాభై ఏళ్లు పట్టింది.

మేడమ్, నేను స్టాఫ్ నర్సుని. మా అత్తమ్మకి షుగర్, బీపీ. స్వస్థత కూటాలకి వెళ్లొచ్చినప్పట్నుంచి నాకు స్వస్థత అయ్యింది, మాత్రలు మింగితే అవిశ్వాసం అంటున్నారు. షుగర్ మూడొందల యాభై దాటింది. నేను మాట్లాడితే కోడలికి విశ్వాసం లేదంటున్నారు. – సికింద్రాబాద్

చెల్లీ, ఇది చదివిన రోజే అత్తమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, వాదన తర్వాత. ఆ లెవల్లో ఉంటే కిడ్నీ, కళ్లు, కాళ్లు ఏమవుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

అత్తమ్మకి మాత్రం యెషయా 38 తెరిచి చూపించు. హిజ్కియా రాజు చనిపోయే జబ్బులో ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాడు. అంత మాటిచ్చాక కూడా అదే అధ్యాయం చివర్లో ప్రవక్త ఏమన్నాడంటే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకి కట్టండి అన్నాడు. ఆ కాలంలో అదే మందు. యెషయాకి అవిశ్వాసమా? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే, పౌలు ఆయన్ని ప్రియుడైన వైద్యుడు అని రాశాడు, మందులు మానెయ్ అనలేదు.

మీ సికింద్రాబాద్ లోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది, 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. అది దొరికినప్పుడు దేవునికి స్తుతి చెప్తూ పద్యం రాసుకున్నాడు. మందు కనిపెట్టే తెలివిని కూడా దేవుడిచ్చిందే అని చూడటం మన విశ్వాసంలో భాగం. అత్తమ్మ నీ మాట వినకపోతే సంఘకాపరి గారితో చెప్పించు. మంచి కాపరైతే ఆయనే మాత్రల డబ్బా చేతిలో పెడతాడు. మాత్రలు మానమనే వాడైతే ఆ కూటాలకి పంపకు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

నేను క్రైస్తవుణ్ణి కాదు, మీ పేజీ మా ఫ్రెండ్ ఇంట్లో చదువుతుంటా. మోడర్న్ సైన్స్ క్రైస్తవం వల్లే పుట్టిందని మీవాళ్లు అంటుంటారు. మరి ఆర్యభట? మన దేశానికి ఏ పాత్రా లేదా? – దిల్‌సుఖ్‌నగర్

మంచి ప్రశ్న అడిగారు, ఆ మాటలో నిజం కొంతే ఉంది. ప్రకృతిని ఒక దేవుడు బుద్ధితో చేశాడు కాబట్టి దానికి నియమాలుంటాయి, ఆయన ఎలాగైనా చేసి ఉండొచ్చు కాబట్టి కూర్చుని ఊహించడం కాదు, వెళ్లి చూడాలి అనే ఆలోచన కెప్లర్, బాయిల్, న్యూటన్ లాంటి వాళ్లకి బలమిచ్చింది. కెప్లర్ అయితే పాస్టర్ కావాలనే వేదాంతం చదివాడు. కానీ వాళ్లు లెక్కలు వేసిన అంకెలు ఎక్కడివి? మన దేశంలో పుట్టి, అరబ్బు పండితుల చేతుల మీదుగా యూరప్ కి వెళ్లినవి. ఆల్జీబ్రా అక్కడి నుంచే, కాంతి మీద అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ చేసిన పనీ అక్కడి నుంచే. 499 నాటికే ఆర్యభట భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని రాశాడు. మావాళ్లు ఇవన్నీ వదిలేసి క్రైస్తవం ఒక్కటే అంటే అది కృతఘ్నత.

మన ఊరి సంగతి ఒకటి చెప్తా, చాలామందికి తెలీదు. 1887లో పారిస్ లో మొత్తం ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చెయ్యాలని ఒక పెద్ద పని మొదలుపెట్టి, ఆకాశాన్ని పట్టీలుగా కోసి ప్రపంచమంతా ఇరవై దాకా అబ్జర్వేటరీలకి పంచారు. అందులో ఒక పట్టీ వాటికన్ అబ్జర్వేటరీకి, ఇంకో పట్టీ హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి వచ్చాయి. వాటికన్ లో నలుగురు సన్యాసినులు, మనం సిస్టర్లంటామే, వాళ్లు 1910 నుంచి 1921 దాకా గాజు పలకల మీద ఒక్కో చుక్కని కొలిచి దాదాపు 4 లక్షల 80 వేల నక్షత్రాలు లెక్కకెక్కించారు. ఇక్కడ బేగంపేటలో నిజాం కొలువులోని వాళ్లు, టీ.పీ. భాస్కరన్ లాంటి వాళ్లు, మన వంతు ఆకాశాన్ని కొలిచారు. పోప్ గారి సిస్టర్లు, నిజాం ఉద్యోగులు ఒకే పుస్తకానికి పని చేశారు, మతం అడ్డం రాలేదు.

ప్రకృతి నియమాలు నిజమైతే క్రీస్తు పునరుత్థానం ఎలా జరిగింది? సైన్స్ చదివిన మీరు నిజంగా నమ్ముతారా? – పీజీ విద్యార్థిని, తార్నాక

నమ్ముతానమ్మా. కానీ సైన్స్ రుజువు చేసింది అని చెప్పను, చేయలేదు.

మొదటి శతాబ్దం వాళ్లకి సైన్స్ తెలీదు కాబట్టి ఏదైనా నమ్మేశారు అంటారు. మరియ గర్భవతి అని తెలియగానే యోసేపు ఏమనుకున్నాడు? రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు, పిల్లలు ఎలా పుడతారో ఆయనకి బాగా తెలుసు. సమాధి ఖాళీ అని స్త్రీలు వచ్చి చెప్తే అపొస్తలులే వెర్రిమాటలు అనుకున్నారు, తోమా వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్నాడు. చనిపోయినవాళ్లు లేవరనే సంగతి వాళ్లకీ మనకంత గట్టిగానే తెలుసు, అందుకే అది వాళ్లకి అంత పెద్ద వార్త అయ్యింది. చనిపోయినవాళ్లు లేవరనే నియమం లేకపోతే పునరుత్థానానికి అర్థమే లేదు.

సైన్స్ పదే పదే జరిగేదాన్ని పట్టుకుని నియమం చెప్తుంది. ఒక్కసారే జరిగింది అని చెప్పేదాన్ని ల్యాబ్ లో మళ్లీ చేసి చూడలేం, అక్కడ సాక్షుల మాట, వాళ్ల బతుకులు ఎలా మారాయన్నది, దేవుడున్నాడా అన్న మన మిగతా ఆలోచన, ఇవన్నీ కలుస్తాయి. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో, అద్భుతం జరిగిందని ఎవరు చెప్పినా అది నిజంగా జరగడం కన్నా ఆ సాక్ష్యం అబద్ధమయ్యే అవకాశమే ఎక్కువ అన్నాడు, అది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు, నువ్వు చదవాలి. పౌలు మాత్రం తప్పించుకోవడానికి సందు పెట్టుకోలేదు, క్రీస్తు లేపబడకపోతే "మీ విశ్వాసమును వ్యర్థమే" అని కొరింథీయులకి సూటిగా రాసేశాడు. నేనూ అక్కడే నిలబడ్డాను.

మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) ఉంది, సృష్టి పాఠం నాకిచ్చారు. పిల్లలు డైనోసార్ల గురించి తప్పకుండా అడుగుతారు. ఏం చెప్పాలి? – సండే స్కూల్ టీచర్, కూకట్‌పల్లి

చెప్పడం కన్నా చూపించడం మేలమ్మా. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిజమైన డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టి ఉంది. కోటాసారస్ దాని పేరు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది. మన తెలంగాణ మట్టిలో జురాసిక్ కాలంలో నడిచిన జంతువు, పిల్లలకి అదే సగం పాఠం. పక్కనే ప్లానెటేరియం ఉంది, షో చూపించి బయటికొచ్చాక కీర్తన 19 చదివించండి, "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని.

బైబిల్లో డైనోసార్ ఎందుకు లేదు అని అడుగుతారు. బైబిల్లో మామిడిచెట్టు లేదు, గోదావరి లేదు, అయినా వాటినీ దేవుడే చేశాడని మనం నమ్ముతున్నాం కదా అని చెప్పండి. యోబు గ్రంథంలో బెహేమోతు అనే పెద్ద జంతువు వస్తుంది, అదే డైనోసార్ అని మాత్రం చెప్పకండి, అక్కడ అలా లేదు. కోట్ల ఏళ్ల కిందటిది అని బోర్డు మీద రాసి ఉంటే ఉన్నదున్నట్టే చదవనివ్వండి. మీకు జవాబు తెలియని ప్రశ్న వస్తే, కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తానని చెప్పి, నిజంగానే కనుక్కుని చెప్పండి. వెళ్లేముందు సెలవు రోజు ఏదో మ్యూజియం వాళ్లకి ఫోన్ చేసి అడగండి, ఎండలు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి, చిన్నపిల్లలకి షో చీకట్లో భయమేస్తుంది, పెద్ద పిల్లల పక్కన కూర్చోబెట్టండి.